న్యూగేట్ చెరసాలకు వెళ్ళిన ఇల్లాలు – ఎలిజబెత్ ఫ్రై

సేవ అనగానే మనకు అన్నదానాలు, కంటి వైద్య శిబిరాలు, చలివేంద్రాలు గుర్తుకు వస్తాయి. వృద్ధాశ్రమంలో దుప్పట్లు పంచుతాము. బడిపిల్లలకు పుస్తకాలు కొనిపెడతాము. ఇవన్నీ మంచి పనులే. కాని జైలులో ఉన్నవారికి ఏదైనా చేద్దామంటే మాత్రం మనలో చాలామంది ఒక అడుగు వెనక్కి వేస్తారు. తప్పు చేశారు, అనుభవిస్తున్నారు, మధ్యలో మనకెందుకు అనుకోవడం లోకసహజం.

క్రైస్తవ మతంలో చెరలో ఉన్నవారిని పరామర్శించడాన్ని ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడంతోను, బట్ట లేనివారికి బట్ట ఇవ్వడంతోను సమానమైన ధర్మంగా చెప్పారు. చెప్పినంత తేలికగా ఆచరించినవారు మాత్రం ఆ మతంలోనూ తక్కువే. సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం లండన్ నగరంలో ఒక సంపన్న కుటుంబపు ఇల్లాలు ఆ ధర్మాన్ని అక్షరాలా పాటించారు. ఆమెకు జీతం లేదు, హోదా లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. ఆమె పేరు ఎలిజబెత్ ఫ్రై. సేవ మీద వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో ఆమె జీవితాన్ని మన సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు క్లుప్తంగా పరిచయం చేయాలని ఈ ప్రయత్నం.

పుట్టినిల్లు

ఎలిజబెత్ 1780 మే 21వ తేదీన ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ గర్నీ ఉన్ని వ్యాపారి, బ్యాంకు భాగస్వామి. తల్లి కేథరీన్. ఇంటి నిండా పిల్లలు. నార్విచ్ దగ్గర ఎర్లామ్ అనే పెద్ద బంగళాలో వారి బాల్యం గడిచింది. ఎలిజబెత్‌కు పన్నెండేళ్ళ వయసులో తల్లి మరణించింది.

ఈమె చిన్నతనంలో ధైర్యవంతురాలు కారు. చీకటి అంటే భయం, సముద్రం అంటే భయం. చదువులో అక్కచెల్లెళ్ళ కంటే వెనుకబడి ఉండేవారు. తరచు జబ్బు పడేవారు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే ముందు ముందు ఆమె వెళ్ళిన చోట్లు తలచుకుంటే ఈ భయస్తురాలేనా అనిపిస్తుంది.

గర్నీ కుటుంబం క్వేకర్లు. క్వేకర్లు అంటే మిత్రుల సంఘం అనే పేరుగల ఒక క్రైస్తవ శాఖ. వారి ఆరాధనలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికి ప్రేరణ కలిగితే వారు లేచి మాట్లాడతారు. స్త్రీలకు కూడా ఆ హక్కు ఉంది. ఆ కాలంలో వేరే శాఖలలో ఇది చాలా అరుదు. నిరాడంబరమైన దుస్తులు, మితమైన మాట వారి నియమాలు. ఇంకొక విశేషం ఏమంటే, 17వ శతాబ్దంలో తమ విశ్వాసం కోసం క్వేకర్లే వేల సంఖ్యలో జైళ్ళలో మగ్గారు. కాబట్టి జైలు అంటే వారికి పరాయి లోకం కాదు, తమ తాతముత్తాతలు చూసి వచ్చిన చోటు.

అయితే ఎర్లామ్ పిల్లలు అంత కఠినంగా పెరగలేదు. పాటలు, నాట్యాలు, రంగురంగుల దుస్తులు అన్నీ ఉండేవి. 1798 ఫిబ్రవరిలో అమెరికా నుంచి విలియం సేవరీ అనే క్వేకరు బోధకుడు నార్విచ్ వచ్చారు. ఆయన ప్రసంగం వినడానికి పదిహేడేళ్ళ ఎలిజబెత్ ఊదారంగు బూట్లకు ఎర్రని లేసులు కట్టుకుని వెళ్ళారు. ఆ ప్రసంగం ఆమె మనసును కదిలించింది. మార్పు ఒక్క రోజులో రాలేదు. క్రమంగా ఆడంబరాలు విడిచిపెట్టి, సాదా దుస్తులు, తెల్లని టోపీ ధరించడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల బీద పిల్లలను ఇంటికి పిలిచి చదువు చెప్పసాగారు. ఒకరిద్దరితో మొదలైన ఆ బడిలో పిల్లలు డెబ్బై మంది దాకా పెరిగారు.

మెట్టినిల్లు

1800 ఆగస్టు 19న జోసెఫ్ ఫ్రై అనే క్వేకరు యువకునితో ఆమెకు వివాహమైంది. వారిది లండన్‌లో తేయాకు, కాఫీ వ్యాపారం. తరువాత బ్యాంకు కూడా నడిపారు. మొదట నగరం నడిబొడ్డున ఉమ్మడి వ్యవహారంలా ఉండే ఇంట్లో కాపురం. వచ్చేపోయే చుట్టాలు, వ్యాపారపు అతిథులు. 1809లో నగరం వెలుపల ప్లాషెట్ అనే గ్రామపు ఇంటికి మారారు. అక్కడ బడి పెట్టారు, బీదవారికి మందులు ఇచ్చారు, పిల్లలకు మశూచి టీకాలు వేయించారు. 1811లో మిత్రుల సంఘం ఆమెను బోధకురాలిగా గుర్తించింది.

ఆమెకు మొత్తం పదకొండు మంది సంతానం. మొదటి బిడ్డ 1801లో, చివరి బిడ్డ 1822లో పుట్టారు. అంటే జైలు పనిలో అడుగుపెట్టేనాటికి ఆమె ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. ఆఖరు బిడ్డకు ఇంకా ఏడాది కూడా నిండలేదు. తీరిక ఉన్నవారు చేసేది సేవ అని మనం అనుకుంటాము. ఆమెకు తీరిక అనేది ఎన్నడూ లేదు.

1813: మొదటిసారి

న్యూగేట్ అనేది లండన్ నగరపు ప్రధాన జైలు. ఆనాటి జైళ్ళ పరిస్థితిని నేటి జైళ్ళతో పోల్చలేము. జైలరు, అతని కింది సిబ్బంది ఖైదీల నుంచి వసూలు చేసే రుసుములు ఆనవాయితీగా సాగేవి. మంచం కావాలంటే డబ్బు, బేడీలు తేలిక చేయాలంటే డబ్బు. జైలులోనే సారాయి, బీరు అమ్మకం. డబ్బు లేనివారు నేలమీద పడుకోవాలి. అంతకు ముందు జాన్ హోవార్డ్ అనే మహనీయుడు దేశమంతా తిరిగి జైళ్ళను పరిశీలించి 1777లో ఒక గ్రంథం ప్రచురించారు. చట్టాలు కొన్ని వచ్చాయి. అమలు మాత్రం అంతంత మాత్రమే. కాగితం మీద ఉన్నది క్షేత్రంలో ఉండదన్న సంగతి మన సభ్యులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

1813 ఆరంభంలో స్టీఫెన్ గ్రెలెట్ అనే క్వేకరు న్యూగేట్ చూసి వచ్చి, అక్కడి స్త్రీల దుస్థితిని శ్రీమతి ఫ్రైకి వివరించారు. చలికాలం. ఒంటిమీద బట్ట లేని పసిపిల్లలు. ఆమె వెంటనే తెలిసిన స్త్రీలను పిలిచి, ఉన్నిబట్ట తెప్పించి, చంటిపిల్లలకు చొక్కాలు కుట్టించారు. ఆ మూట పట్టుకుని అన్నా బక్స్‌టన్ అనే స్నేహితురాలితో కలిసి జైలుకు వెళ్ళారు.

ఆడవారి విభాగంలో రెండు వార్డులు, రెండు గదులు. అందులో సుమారు 300 మంది స్త్రీలు, వారి పిల్లలు. విచారణ కానివారు, శిక్ష పడినవారు, చిన్న దొంగతనం చేసినవారు, ఉరిశిక్ష కోసం ఎదురుచూస్తున్నవారు అందరూ ఒకే చోట. వంట, స్నానం, నిద్ర అక్కడే. వారి మీద కాపలా ఒక మగవాడు, అతని కొడుకు. ఎవరైనా వస్తే కటకటాల దగ్గరకు తోసుకువచ్చి, కర్రకు కట్టిన చెక్క గరిటె చాచి డబ్బులు అడుక్కునేవారు. వచ్చిన చిల్లర సారాయికి పోయేది. లోపలికి వెళ్ళడానికి జైలు సిబ్బందే జంకేవారు. వద్దని వారించినా వినక ఈ ఇద్దరు స్త్రీలు లోపలికి వెళ్ళి, పిల్లలకు బట్టలు తొడిగి, జబ్బుగా ఉన్నవారి కింద పరచడానికి గడ్డి ఏర్పాటు చేసి వచ్చారు. మరి రెండుసార్లు వెళ్ళారు. వెళ్ళేముందు అక్కడ మోకరించి ప్రార్థన చేస్తే, కొందరు ఖైదీలు కూడా మోకరించారు.

ఆ తరువాత దాదాపు నాలుగేళ్ళు ఆమె న్యూగేట్‌కు వెళ్ళలేకపోయారు. ప్రసవాలు, అనారోగ్యం, భర్త వ్యాపారంలో ఒడిదుడుకులు. 1815 నవంబరులో నాలుగేళ్ళ కూతురు బెట్సీ చనిపోయింది. ఆ దుఃఖం ఆమెను చాలాకాలం వదలలేదు.

పన్నెండు నియమాలు

1816 చివర, 1817 ఆరంభంలో ఆమె తిరిగి న్యూగేట్ వెళ్ళారు. ఈసారి బట్టల మూట పట్టుకుని వెళ్ళలేదు. ఖైదీల మధ్య కూర్చుని, మీ పిల్లల సంగతి ఏమిటి, వారికి చదువు చెప్పిద్దామా అని అడిగారు. తల్లులు ఏడ్చారు. సరేనన్నారు. టీచరును కూడా తమలోనుంచే ఎంచుకోమని వారికే వదిలిపెట్టారు. గడియారం దొంగిలించిన నేరానికి శిక్ష పడిన మేరీ కానర్ అనే చదువుకున్న యువతిని వారు ఎంచుకున్నారు. ఒక ఖాళీ గదిలో బడి మొదలైంది. పిల్లల కోసం పెట్టిన బడికి పెద్ద స్త్రీలు కూడా వచ్చి, మాకూ అక్షరాలు నేర్పండి, కుట్టుపని నేర్పండి అని బతిమాలారు. గదిలో చోటు చాలక చాలామందిని వెనక్కి పంపవలసి వచ్చింది.

ఇది సాగదని చెప్పినవారే ఎక్కువ. నగర అధికారులు, జైలు మతాధికారి, చివరకు ఆమె మేలు కోరే బంధువులు కూడా అదే మాట. పని చేయడానికి ముడిసరుకు ఇస్తే దొంగిలిస్తారని, ఇలాంటివారు క్రమశిక్షణకు లొంగరని వారి వాదన. 1817 ఏప్రిల్‌లో పదకొండు మంది క్వేకరు స్త్రీలు, ఒక మతాచార్యుని భార్య, మొత్తం పన్నెండు మందితో ఒక సంఘం ఏర్పడింది. రోజూ వారిలో ఒకరైనా వంతులవారీగా జైలులో ఉండాలని నిర్ణయించుకున్నారు. ఖైదీల మీద ఒక మేట్రన్‌ను నియమించారు. ఆమె జీతం మొదట ఈ స్త్రీలే భరించారు.

ఇక్కడ జరిగిన ఒక సంఘటన నాకు ఈ జీవితచరిత్ర మొత్తంలో ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఒకనాడు అధికారుల సమక్షంలో ఖైదీలందరినీ సమావేశపరచి, శ్రీమతి ఫ్రై తాము అనుకున్న నియమాలను చదివి వినిపించారు. వారి సమ్మతి లేకుండా ఒక్క నియమమూ పెట్టబోమని ముందే చెప్పారు. పన్నెండు నియమాలు. ఒక్కొక్కటీ చదవడం, సమ్మతమైనవారు చేయి ఎత్తడం. అన్నిటికీ అందరి చేతులూ లేచాయి.

ఏమిటా నియమాలు? అడుక్కోవడం, బూతులు, పేకాట, జూదం, కొట్లాట ఉండకూడదు. ఖైదీలను పన్నెండు మందికి మించకుండా జట్లుగా విభజించాలి. ఒక్కొక్క జట్టుకు చదువు వచ్చిన, నెమ్మదస్తురాలైన ఒక మానిటరు ఉండాలి. ఉదయం తొమ్మిది గంటలకు గంట మోగగానే అందరూ కుట్టుగదికి రావాలి. బైబిలు పఠనం విన్న తరువాత పనిలోకి వెళ్ళాలి. సాయంత్రం మళ్ళీ పఠనం. ఎవరు ఎంత పని చేశారో, ఎలా నడుచుకున్నారో మేట్రన్ ఖచ్చితంగా లెక్క రాసి ఉంచాలి.

చదివినవారికి ఇది మామూలు ఆఫీసు నియమావళిలా కనిపించవచ్చు. హాజరు, పని పంపకం, పద్దు, తనిఖీ. నా సర్వీసంతా ఇలాంటి కాగితాలు రాయడంతోనే గడిచింది. ఎన్నో సర్క్యులర్లు నకలు తీశాను. కాని ఎవరి మీద ఆ నియమం అమలవుతుందో వారిని కూర్చోబెట్టి, మీకు సమ్మతమేనా అని ఒక్కొక్క క్లాజుకు చేయి ఎత్తమన్న సందర్భం నేను చూడలేదు. అదీ ఖైదీలను. అందులో ఉరిశిక్ష పడినవారూ ఉన్నారు. లోకం మనుషుల లెక్కలోంచి తీసివేసినవారిని ఆమె అభిప్రాయం అడిగారు. మిగిలినదంతా దాని ఫలితమే అని నా నమ్మకం.

ఫలితం త్వరగానే కనిపించింది. శిక్షా ప్రవాసపు వలసలకు బట్టలు సరఫరా చేసే వ్యాపారులను ఆమె స్వయంగా కలిసి పని సంపాదించారు. కొన్ని నెలల తరువాత నగర మేయరు, అధికారులు వచ్చి చూస్తే, గోల, కొట్లాట ఉండే చోట స్త్రీలు వరుసగా కూర్చుని కుట్టుకుంటున్నారు. నగర పాలక సంస్థ ఈ పద్ధతిని జైలు విధానంలో చేర్చి, మేట్రన్ జీతంలో కొంత భాగం భరించడానికి అంగీకరించింది.

1818 ఫిబ్రవరి 27న కామన్స్ సభ వారి కమిటీ ముందు ఆమె సాక్ష్యం ఇచ్చారు. ఒక స్త్రీ పార్లమెంటు కమిటీకి ఇలాంటి విషయంలో సాక్ష్యం ఇవ్వడం ఆ రోజుల్లో అపూర్వంగా భావించారు. అక్కడ ఆమె చెప్పిన లెక్క చూడండి. సుమారు పది నెలల్లో ఖైదీ స్త్రీలు దాదాపు 20,000 బట్టలు కుట్టారు. వాటిలో లెక్కకు రానివి మూడే మూడు. అవి కూడా ఖైదీలు తీసినవని తాము అనుకోవడం లేదని ఆమె వివరించారు. ముడిసరుకు దొంగిలిస్తారన్నవారికి అంతకు మించిన జవాబు అవసరం లేదు.

ఉరికంబం నీడలో

ఆ రోజుల్లో ఇంగ్లండు చట్టంలో మరణశిక్ష విధించదగిన నేరాలు రెండు వందలకు పైగా ఉండేవి. దొంగనోటు మార్చినా ఉరే. న్యూగేట్ ముందు వీధిలోనే, జనం చూస్తుండగా ఉరితీసేవారు. ఉరికి ముందు ఆ స్త్రీల దగ్గర కూర్చోవడం శ్రీమతి ఫ్రైకి అన్నిటికంటే కష్టమైన పని.

1818లో హారియట్ స్కెల్టన్ అనే స్త్రీకి దొంగ బ్యాంకు నోట్లు చలామణి చేసిన నేరం మీద ఉరిశిక్ష పడింది. ఆమె నడవడి చాలా మంచిది. భర్త ఒత్తిడి మీద ఆ పని చేసిందని చెప్పుకున్నారు. ఆమె ప్రాణం కాపాడాలని శ్రీమతి ఫ్రై రాజబంధువైన గ్లాస్టర్ డ్యూకును ఆశ్రయించారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డైరెక్టర్లను వేడుకున్నారు. హోంమంత్రి లార్డ్ సిడ్మత్ దగ్గరకు స్వయంగా వెళ్ళారు. ఆయన కరగలేదు సరికదా, ఆమె హద్దు మీరుతున్నారని మండిపడ్డారు. ఆమె మీద ప్రభుత్వానికి ఉన్న ఆదరం ఆ దెబ్బతో పోయింది. స్కెల్టన్‌ను ఉరితీశారు.

దీనితో ఆమె పని ఆగిపోవలసింది. ఆగలేదు. ఆమె మరునాడూ అదే జైలుకు వెళ్ళవలసిన మనిషి. దొంగనోట్ల ఉరిశిక్షల మీద ప్రజాభిప్రాయం మెల్లమెల్లగా మారింది. ఫోర్జరీ నేరానికి ఇంగ్లండులో చివరి ఉరి 1829లో జరిగింది. 1830లలో ఆ నేరాన్ని మరణశిక్షల జాబితా నుంచి పూర్తిగా తొలగించారు. ఈ మార్పులో ఎందరిదో కృషి ఉంది. ఆమె మరిది వరసైన థామస్ ఫోవెల్ బక్స్‌టన్ పార్లమెంటు సభ్యునిగా ఇందుకోసం పాటుపడ్డారు. తరువాత బానిసత్వ నిర్మూలన ఉద్యమానికి నాయకత్వం వహించింది కూడా ఆయనే.

ద్వీపాంతరం ఓడలు

మరణశిక్ష తప్పినవారిలో చాలామందికి ద్వీపాంతరవాసం. మన వాళ్ళకు అండమాన్ ఎలాగో, ఆనాటి ఇంగ్లండు ఖైదీలకు ఆస్ట్రేలియా అలాగ. నెలల తరబడి ఓడ ప్రయాణం. ఓడ ఎక్కించే ముందు రోజు రాత్రి న్యూగేట్‌లో స్త్రీలు కిటికీలు, సామాను పగలగొట్టి అల్లరి చేసేవారు. మరునాడు సంకెళ్ళు వేసి, పైకప్పు లేని బండ్లలో రేవుకు తీసుకుపోతుంటే, దారి పొడవునా జనం కేకలు వేసి బురద విసిరేవారు.

1818లో శ్రీమతి ఫ్రై జైలరును ఒప్పించి, వారిని మూసిన గుర్రపు బండ్లలో పంపే ఏర్పాటు చేయించారు. తాను కూడా వెంట వస్తానని ఖైదీలకు మాట ఇచ్చారు. ఆ రాత్రి అల్లరి జరగలేదు. ఆమె రేవు దాకా వెళ్ళి, ఓడలో కూడా వారిని పన్నెండేసి మంది జట్లుగా ఏర్పరచి, మానిటర్లను నియమించి, పిల్లలకు బడి ఏర్పాటు చేశారు. ప్రయాణంలో ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని, చేతికి పని ఉండాలని బట్టల దుకాణాల నుంచి తుండు గుడ్డలు సేకరించి ఇచ్చారు. ఒక్కొక్క స్త్రీకి ఒక సంచి. అందులో బైబిలు, ముందుకట్టు గుడ్డలు, సూదులు, దారం, కత్తెర, గుడ్డ ముక్కలు. చూపు మందగించినవారికి కళ్ళజోడు కూడా. ఆ కళ్ళజోడు సంగతి చదివినప్పుడు ఆమె ప్రతి మనిషినీ విడివిడిగా చూశారని నాకు అర్థమైంది.

ఆ తరువాత సుమారు పాతికేళ్ళలో ఆమె, ఆమె సంఘ సభ్యులు 106 ఓడలలో వెళ్ళిన దాదాపు 12,000 మంది స్త్రీలను ఇలా సాగనంపారు. థేమ్స్ నదిలో ఎండైనా వానైనా చిన్న పడవ ఎక్కి ఓడ దగ్గరకు వెళ్ళవలసిందే. నీళ్ళంటే భయపడిన ఎర్లామ్ అమ్మాయి ఈమే. ఆస్ట్రేలియాలో దిగిన తరువాత స్త్రీలకు తల దాచుకునే చోటు లేదని అక్కడి మతాధికారి శామ్యూల్ మార్స్‌డెన్ ఆమెకు లేఖ రాస్తే, ఆ విషయం లండన్ అధికారుల దృష్టికి తీసుకుపోయారు. 1821లో పరమట్టా అనే చోట వారికి వసతి భవనం తయారైంది.

1841లో రాజా అనే పేరుగల ఓడలో వెళ్ళిన స్త్రీలు ప్రయాణంలో ఆ గుడ్డ ముక్కలతో ఒక పెద్ద అతుకుల బొంత కుట్టారు. అందులో 2,815 ముక్కలు ఉన్నాయి. ఆ బొంత ఇప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. ఎవరెవరు కుట్టారో పేర్లు లేవు. చేతిపని మాత్రం మిగిలింది.

చట్టం, విస్తరణ

శ్రీమతి ఫ్రై ఒక్క న్యూగేట్‌తో సరిపెట్టుకోలేదు. 1818లో తమ్ముడు జోసెఫ్ జాన్ గర్నీతో కలిసి ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు జైళ్ళు చూసి వచ్చారు. మరుసటి ఏడు ఆ వివరాలను పుస్తకంగా ప్రచురించారు. వెళ్ళిన ప్రతి ఊళ్ళో స్థానిక స్త్రీలతో సందర్శక సంఘాలు పెట్టించారు. 1821లో ఆ సంఘాలన్నిటినీ కలిపే జాతీయ సంఘం ఏర్పడింది. 1823లో హోంమంత్రి రాబర్ట్ పీల్ తెచ్చిన జైళ్ళ చట్టం స్త్రీ ఖైదీల మీద స్త్రీ సిబ్బందే ఉండాలని, జైలరుకు రుసుములు కాక జీతం ఇవ్వాలని నిర్దేశించింది. అయితే అది అన్ని జైళ్ళకూ వర్తించలేదు. తనిఖీ అధికారులు కూడా లేరు. వారి నియామకం 1835 చట్టంతో గాని జరగలేదు.

ఆమె చేసిన ఇతర పనులు కూడా ఉన్నాయి. 1819–20 చలికాలంలో లండన్ వీధిలో ఒక బాలుడు చలికి చనిపోతే నిరాశ్రయులకు రాత్రి వసతి ఏర్పాటు చేయించారు. ఒంటరిగా తీరం కాపలా కాసే సిబ్బంది కోసం దాదాపు 500 చోట్ల గ్రంథాలయాలు పెట్టించారు. వాటికి చేరిన పుస్తకాలు 50 వేలకు పైమాటే. 1840లో నర్సుల సంస్థ ఒకటి స్థాపించారు.

ఆమెను చూసి స్ఫూర్తి పొందినవారిలో థియోడర్ ఫ్లీడ్నర్ అనే జర్మన్ మతాచార్యుడు ఒకరు. ఆయన 1824లో లండన్ వచ్చి ఈ పని చూసి, తన దేశం తిరిగి వెళ్ళి జైలు సేవాసంఘం ప్రారంభించారు. 1833లో విడుదలైన స్త్రీ ఖైదీలకు ఆశ్రయం, 1836లో కైజర్స్‌వెర్త్‌లో ఆసుపత్రి, సేవికల శిక్షణ సంస్థ నెలకొల్పారు. 1851లో ఆ సంస్థలో శిక్షణ పొందిన ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మనందరికీ తెలుసు. ఒక జైలు గదిలో వెలిగించిన దీపం ఎక్కడిదాకా వెలుగు ఇచ్చిందో చూడండి.

కష్టాలు, విమర్శలు

మహనీయుల జీవితాలు రాసేటప్పుడు కష్టాలను దాచడం, విమర్శలను దాటవేయడం మనకు అలవాటు. అది సరికాదు.

1828 నవంబరులో ఆమె భర్త బ్యాంకు దివాలా తీసింది. ఆ కాలపు క్వేకర్లలో అప్పు తీర్చలేకపోవడం పెద్ద అపరాధం. జోసెఫ్ ఫ్రైని సంఘం నుంచి వెలివేశారు. ప్లాషెట్ ఇల్లు విడిచి, ఆమె సోదరుల సహాయంతో చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. సేవకు వచ్చిన విరాళాలు భర్త వ్యాపారంలోకి పోయాయని గిట్టనివారు ప్రచారం చేశారు. ఇల్లు, పిల్లలను పట్టించుకోకుండా ఊరి పనులు నెత్తిన వేసుకుందన్న మాట అంతకు ముందు నుంచీ ఉంది. ఆమె పిల్లలలో ఎక్కువమంది పెళ్ళిళ్ళ కారణంగా క్వేకరు సంఘానికి దూరమయ్యారు. అది ఆమెకు తీరని బాధ. పదిహేడేళ్ళ వయసు నుంచి రాసుకున్న డైరీలలో తనను తాను ఆమె తరచు ప్రశ్నించుకున్నారు. ఆమె మరణం తరువాత ఇద్దరు కూతుళ్ళు ఆ డైరీల ఆధారంగా 1847లో తల్లి జీవితచరిత్ర ప్రచురించారు.

జైలు పని మీద కూడా విమర్శ వచ్చింది. శుక్రవారం నాడు ఆమె బైబిలు చదువుతుంటే చూడడానికి గొప్పింటివారు, విదేశీయులు వచ్చి కూర్చునేవారు. ఖైదీలు ప్రదర్శన వస్తువులయ్యారని కొత్త తనిఖీ అధికారులు తప్పుపట్టారు. ఈ విమర్శలో న్యాయం ఉంది. అయితే ఆ అధికారులు తెచ్చిన పద్ధతి ఏమిటి? ఖైదీని ఒంటరి గదిలో పెట్టి, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం. అది మనిషిని బాగుచేయదని, మతి చెడగొడుతుందని ఆమె గట్టిగా వ్యతిరేకించారు. ఆనాడు ఆమె మాట చెల్లలేదు. ఒంటరి నిర్బంధం గురించి తరువాతి కాలంలో లోకానికి తెలిసివచ్చినది ఆమె మాటనే బలపరచింది.

చివరి రోజులు

1838 నుంచి 1843 వరకు ఫ్రాన్స్, బెల్జియం, హాలండు, ప్రష్యా, డెన్మార్కు దేశాల జైళ్ళు తిరిగారు. రాజులు, రాణులు ఆమెను ఆహ్వానించారు. 1842 జనవరిలో లండన్ వచ్చిన ప్రష్యా రాజు ఆమెతో పాటు న్యూగేట్ వెళ్ళి, ఖైదీల మధ్య కూర్చుని పఠనం విన్నారు. తరువాత ఆమె ఇంటికి వెళ్ళి భోజనం చేశారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. 1845 అక్టోబరు 12న రామ్స్‌గేట్ అనే సముద్రతీర పట్టణంలో, 65 ఏళ్ళ వయసులో పక్షవాతం వచ్చి మరణించారు. బార్కింగ్‌లోని క్వేకరు శ్మశానంలో, చిన్ననాడే పోయిన కూతురు బెట్సీ సమాధి పక్కన ఆమెను ఖననం చేశారు. వెయ్యి మందికి పైగా జనం మౌనంగా నిలబడ్డారు.

న్యూగేట్ జైలు 1902లో మూతపడింది. దానిని కూలగొట్టి, ఆ స్థలంలో కట్టిన న్యాయస్థానం 1907లో ప్రారంభమైంది. 2002లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అయిదు పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ ముద్రించింది. ఖైదీలకు ఆమె చదివి వినిపిస్తున్న దృశ్యం కూడా దానిమీద ఉంది. ఆ నోటు 2017 దాకా చలామణిలో ఉంది. దొంగనోటు మార్చిన స్త్రీ ప్రాణం కోసం ఆమె ఏ బ్యాంకు డైరెక్టర్లను వేడుకుని వట్టి చేతులతో తిరిగివచ్చారో, ఆ బ్యాంకే ఈ గౌరవం చేసింది.

మనవి

స్త్రీ ఖైదీలు స్త్రీ సిబ్బంది పర్యవేక్షణలోనే ఉండాలన్న సూత్రం ఐక్యరాజ్యసమితి 1955లో ఆమోదించిన కనీస నియమాలలోను, 2015లో సవరించిన నియమాలలోను ఉంది. మన దేశంలో 1894 నాటి జైళ్ళ చట్టం స్త్రీలను పురుషుల నుంచి వేరుగా ఉంచాలన్నది. జైలు సందర్శకుల నియామకానికి నియమాలు చేసే అవకాశం కూడా ఆ చట్టం కల్పించింది. అధికారులు కాని సామాన్య పౌరులు జైలుకు వెళ్ళి చూసి రావచ్చునన్న ఆలోచన మన చట్టాలకు కొత్త కాదని దీనివల్ల తెలుస్తుంది.

మనమందరమూ జైళ్ళకు వెళ్ళాలని నేను అనను. ఆరోగ్యాలు సహకరించవు. కాని ఆమె జీవితంలో మనకు పనికివచ్చే రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, 1813లో బట్టలు పంచడంతో మారినది తక్కువ. 1817 నుంచి వంతులు వేసుకుని రోజూ వెళ్ళడంతో మారినది ఎక్కువ. రెండవది, మనం ఎవరికి మేలు చేయాలనుకుంటున్నామో, ముందు వారిని అడగాలి. దుప్పటి పంచే చోటైనా, పుస్తకాలు పంచే చోటైనా ఈ మాట వర్తిస్తుంది. అర్జీ రాయడం, ఉత్తరం చదివి పెట్టడం, నాలుగు అక్షరాలు నేర్పడం, లెక్క సరిగా ఉంచడం మనకు చేతనైన విద్యలు. ఏళ్ళ తరబడి జీతం తీసుకుని నేర్చుకున్నవి. మన సంఘం తరఫున ఎక్కడ ఏ సేవ తలపెట్టినా, నెలకు ఒక రోజైనా సరే, తప్పకుండా వెళ్ళే వంతుల పట్టిక ఒకటి ముందు తయారు చేసుకుంటే బాగుంటుందని సభ్యులకు నా మనవి.